దానమ్మ చేప ఎందుకు మానేసింది

నాకు ఒక జబ్బు ఉంది. తెలియని సంగతి ఏదైనా కళ్ళ ముందు తిరుగుతుంటే అన్నం సహించదు. మా ఆవిడ దీన్ని జబ్బు అనదు, ఇంకో మాట అంటుంది, అది ఇక్కడ రాయను. దానమ్మ మా ఆశ్రమంలో చేరిన రోజు నుంచీ ఆ జబ్బు నాకు బాగా ముదిరింది.

ఆశ్రమం అంటే సన్యాసులది కాదు, కుక్కలది. ఒడిశాలో బరంపురం దాటాక మొగలి పొదల మధ్య నాలుగు రేకుల షెడ్లు, చుట్టూ ఎత్తు గోడ. లారీ కింద పడ్డ కుక్క, కాలు విరిగిన ఎద్దు, కరెంటు తీగ తగిలిన కోతి, అన్నీ అక్కడికే చేరతాయి. చేర్చేది నేను. పేరు ఢిల్లీశ్వరరావు, సొంతూరు చికిటి. ఢిల్లీ నేనెప్పుడూ చూడలేదు, అడగకండి. ఆశ్రమం వ్యాను నడుపుతాను.

దానమ్మది ఆర్యపల్లి. ఛత్రపురం దగ్గర, సముద్రం ఒడ్డు ఊరు. మొగుడు కాసులు బోటు మీద వేటకి వెళతాడు. ఆమె చేపలు ఎండబెట్టి అమ్మేది. నోరు చూస్తే ఒడ్డున వేలంపాటల్లో పెరిగిన నోరు, గంప దించితే చాలు సరుకు అమ్ముడుపోవాల్సిందే. అలాంటి మనిషి రోజూ పొద్దున్నే బస్సు పట్టుకుని ఇంత దూరం వచ్చి కుక్కల గదులు కడుగుతానంటే నాకు వింతగా ఉండదా మరి? కుక్క పెంట ఎత్తాలి, కరిపించుకోవాలి, పైగా ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఎందుకొచ్చింది ఈమె ఇక్కడికి? ఆ ప్రశ్న నా బుర్రలో ఈగలా తిరిగేది.

పైగా మా ఆశ్రమానికి ఒక నియమం ఉంది. గేటు లోపలికి నీసు రాకూడదు. అధ్యక్షులు వైకుంఠరావు గారు పెట్టిన నియమం అది. ఆయన బడాబజార్లో బట్టల వ్యాపారి. మంచివాడు, ఎగతాళికి అనడం లేదు, నిజంగానే మంచివాడు. కుక్క కాలికి కట్టు కడుతుంటే చూడలేక కళ్ళు తుడుచుకునే మనిషి. కమిటీలో ఆయనా, ఆయన వీధి వాళ్ళూ, ఆయనతో పొద్దున్నే నడకకి వెళ్ళేవాళ్ళూ ఉంటారు. అందరూ శాకాహారులే. కుక్కలకి కూడా అన్నం, పప్పు, పెరుగు. దానమ్మ క్యారేజీలో మాత్రం ఎండుచేపల పులుసు. అందుకని ఆమె గోడ బయట మొగలి పొదల పక్కన కూర్చుని తినేది. ఆమె క్యారేజీ మూత తీసిందంటే గోడ లోపల కుక్కలన్నీ గొంతు చించుకునేవి.

"సూసినావా అన్నయ్యా, ఈ నేమం కుక్కలు పెట్టినది కాదు," అనేది నాతో.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "చేపలు కోసే చేత్తోనే కుక్క పుండుకి మందు రాస్తావు కదా దానమ్మా, నీకేమీ అనిపించదా?"

ఆమె ముద్ద మింగి నా వంక చూసింది. "మీ ఆవిడ కత్తిపీటతో బీరకాయ తరిగి అదే సేత్తో పిల్లకి జడెయ్యదేటి? ఎల్లు, ఎల్లు. బండి తుడుసుకో."

అడిగినందుకు బుద్ధి వచ్చింది గానీ జవాబు రాలేదు.

ఆమె ఎందుకొచ్చిందో తెలిసింది ఇంకో సాయంత్రం. ఛత్రపురం అవతల ఎద్దుని ఏదో బండి గుద్దిందని కబురు వస్తే బయల్దేరాను. దానమ్మ ఇంటికి వెళ్ళే వేళ అయింది, ఎలాగూ దారే కదా అని ఎక్కించుకున్నాను. వ్యానులో ఇంకెవరూ లేరు. ఇంతకన్నా మంచి అదను దొరకదని మొదలుపెట్టాను. అడగ్గా అడగ్గా విసుగొచ్చి చెప్పింది.

"నాను పన్లో సేరడానికి రానేదు అన్నయ్యా. బండి అడగడానికొచ్చినాను."

నిరుడు వాళ్ళ ఊళ్ళోకి పిచ్చికుక్క వచ్చిందట. కొందరిని కరిచింది. ఊరి పెద్దలు చేపల్లో మందు కలిపి ఊరంతా చల్లించారు. పొద్దున్న చూస్తే చేపలు ఎండబెట్టే దిబ్బ నిండా కుక్కలు చచ్చి పడి ఉన్నాయి. మంచివీ చెడ్డవీ తేడా లేదు. కాకుల్నీ గద్దల్నీ రానివ్వకుండా దానమ్మ చేపల్ని కాసే బైరిగాడు కూడా వాటిలోనే ఉన్నాడు.

"మనోలు కసాయోలు కాదు అన్నయ్యా. బయ్యం. బయ్యమేస్తే మనిసి ఏటి సేస్తాడో ఆడికే తెల్దు," అంది. మళ్ళీ తనే అందుకుంది. "కుక్కలకి పిచ్చి రాకండా సూదేసే బండి బరంపురంలో ఉందని ఎవులో సెప్పినారు. అడుగుదారని ఒచ్చినాను. గేటు కాడ వాచ్‌మేను నన్ను సూసీసి, నోరిప్పనిస్తేనా? 'పనికా? సీపురు అక్కడుంది, ఎల్లు' అన్నాడు. నేదు అందారనుకున్నాను. లోనికెల్తే అడగడం సులువు కదాని సీపురట్టుకున్నాను."

నాకు నవ్వు ఆగక వ్యాను రోడ్డు పక్కకి తీసి ఆపాల్సి వచ్చింది. ఆమె కూడా నవ్వింది.

"మరి అడిగావా?"

"అడక్కేటి? బావుగారు సూద్దారి అన్నారు. అప్పుణ్ణించి సూస్తన్నారు."

తర్వాత నవ్వు పోయింది. ఈ ఏడాది మళ్ళీ వచ్చిందట పిచ్చికుక్క. ఒక దూడనీ, ఊరి పెద్ద పోతయ్య మనవణ్ణీ కరిచింది. పిల్లాడికి పెద్దాసుపత్రిలో సూదులు పడ్డాయి, బాగానే ఆడుకుంటున్నాడు. కానీ పోతయ్య మనసు కుదుటపడలేదు. మళ్ళీ మందు కలుపుదామన్నాడు. దానమ్మ పదిమందిలో ఆయనతో తగువు పెట్టుకుంది. ఆఖరికి ఆయన, "పున్నం దాకా ఆగుతాను. నీ బండొస్తే సరి, నేకపోతే మా పని మేం సేస్తాం," అన్నాడు.

మర్నాడే ఆమెతో పాటు నేనూ వైకుంఠరావు గారి దగ్గరికి వెళ్ళాను. నాకు సంబంధం లేదు నిజమే, కానీ సగం కథ విని ఊరుకునే రకం కాదు నేను.

ఆయన విని నొచ్చుకున్నాడు. "పాపం, పాపం" అన్నాడు. ఆ తర్వాత, "ఆర్యపల్లి మన రూటులో లేదమ్మా. మన నంబరుకి ఫోను వస్తేనే బండి వెళ్తుంది," అన్నాడు.

"ఆ నెంబరికి సేసినాను బావుగారూ. ఒకటి నొక్కు రెండు నొక్కు అని ఇంగిలీసులో అంతాది. నాను నొక్కినాను. అది పెట్టీసింది."

వైకుంఠరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అదొక్కటే కాదు దానమ్మా. రోజూ వలలకి వలలు ప్రాణాలు తీసే ఊరు అది. అక్కడికి వెళ్ళి మనం జీవదయ అంటే ఏం బాగుంటుంది? కమిటీ వాళ్ళు ఒప్పుకోరు."

"సేపలు తినే ఊర్లో కుక్కలు కుక్కలు కావేటి బావుగారూ?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. కమిటీలో పెట్టి చూస్తానన్నాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా పెట్టకపోతే ఏం చెయ్యాలో ఆ సామెత చెప్పినవాడు చెప్పలేదు. నేను ఆ రోజంతా వ్యాను తలుపులు గట్టిగా వేస్తూనే ఉన్నాను.

ఇంతలో ఒక విచిత్రం జరిగింది. దూరం నుంచి, పెద్ద నగరం నుంచి, మా ఆశ్రమానికి ఫోను వచ్చింది. దేశమంతా ఇలాంటి ఆశ్రమాలకి సాయం చేసే సంస్థ అట. ఇంకో వ్యాను, ఆపరేషన్ బల్ల ఇస్తామన్నారు. వచ్చి చూస్తామన్నారు. చూసే ముందు ఒక సంగతి అడిగారు: మీ కమిటీలో ఎవరెవరున్నారు? ఆడవాళ్ళున్నారా? చుట్టుపక్కల పల్లెల వాళ్ళున్నారా? జంతువులతో రోజూ పని చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అన్ని రకాల మనుషులకీ చోటు లేని చోట జంతువుల మేలు కూడా సగమే జరుగుతుందని మా నమ్మకం అన్నారట.

వైకుంఠరావు గారికి చెమటలు పట్టాయి. ఆయన కమిటీలో ఒక్క ఆడమనిషి లేదు, ఒక్క పల్లె మనిషి లేడు. పెంట ఎత్తేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ పూటే దానమ్మని పిలిపించాడు. నేను కిటికీ పక్కన వ్యాను అద్దం తుడుస్తున్నాను. ఆ అద్దం అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

"నిన్ను మెంబరుగా తీసుకుందామనుకుంటున్నామమ్మా."

"మెంబరంటే బండి ఎక్కడికెల్లాలో నాను సెప్పొచ్చా?"

"చెప్పొచ్చు. నువ్వు మెంబరై అడిగితే నేను సరే అంటాను. మాట ఇస్తున్నాను."

"అయితే ఉంతాను."

"ఒక్క చిన్న సంగతి," అన్నాడు ఆయన. గొంతు తగ్గించాడు. "తక్కిన మెంబర్లు కాస్త పట్టింపు మనుషులు. చేపలు తినే మనిషి మన పక్కన కుర్చీలో కూర్చుంటే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారని వాళ్ళ భయం. నువ్వు నిజంగా మానక్కర్లేదు. మీ ఇంట్లో ఏం తింటావో మేం చూడొస్తామా? వచ్చినవాళ్ళ ముందు నిలబడి చేపలు మానేశానని ఒక్క మాట అను."

నాకు ఒళ్ళు మండింది. దానమ్మ మాత్రం పకపకా నవ్వింది.

"ఓస్, మాటే కదా! నిన్నటి సేపని ఇయాల్టి సేపని ఎంతమందికి అమ్మీసినాను! ఇదొక లెక్కా?"

వాళ్ళు వచ్చేది పున్నమికి ముందు రోజు. వ్యాను పున్నమి పొద్దున్నే ఆర్యపల్లి వెళ్ళొచ్చు. అంతా చక్కగా కుదిరిందని నేనూ అనుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. దానమ్మ ఉతికిన చీర కట్టుకుని, తల్లో పువ్వులు పెట్టుకుని వచ్చింది. ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. మెంబరయ్యే మనిషి ముఖమా అది!

"ఏమయింది?"

"తెల్లారగట్ట బోటెల్లిపోనాది అన్నయ్యా."

అప్పటిదాకా చాలా రోజులుగా సముద్రం బాగోలేదు. బోట్లన్నీ ఒడ్డుకి లాగి పెట్టి ఉన్నాయి. ఆ తెల్లవారుజామున గాలి తగ్గిందని అందరూ వెళ్ళిపోయారు. కాసులు కూడా వెళ్ళాడు. మర్నాడు పొద్దున్న గానీ రాడు.

"మంచిదే కదా! ఇంట్లో కూర్చునే బాధ తప్పింది."

"నీకు తెల్దు," అంది. తర్వాత చెప్పింది.

మన ఇళ్ళలో బియ్యం అయిపోతే అయిపోయాయని అనం, నిండుకున్నాయంటాం. వాళ్ళ పట్టింపు అంతకన్నా గట్టిది. మగాడు సముద్రం మీద ఉన్నంతసేపూ ఇంట్లో ఆడది చేప వద్దనకూడదు. కడుపు నిండి ఉన్నా, జ్వరం వచ్చినా, ఎవరైనా చేప పెడితే ఒక ముక్క నోట్లో వేసుకోవాలి. గంగమ్మ తల్లి వింటుంది. వద్దన్న ఇంటికి ఆమె చేపలివ్వదు. చేపలివ్వని ఇంటికి బోటెందుకు అనుకుంటుంది. దానమ్మ చిన్నప్పుడు గురువమ్మ అనే ఆమె మొగుడి మీద అలిగి, అతను వేటలో ఉండగా నీ చేపలు నాకొద్దు అందట. ఆ తర్వాత ఏమైందని అడిగాను.

"అది నన్నడక్కు," అంది దానమ్మ.

ఇంకెవరైనా చెబితే నవ్వేవాణ్ణి. ఆమె ముఖం చూసి నవ్వు రాలేదు. నాకు తోచిన ఉపాయం చెప్పాను. "పోనీ ఒడియాలో అనెయ్. ఆ తల్లి తెలుగు తల్లి కదా."

ఆమె కస్సుమంది. "ఒడియా బోట్లు ఏ సముద్రంలో ఎల్తన్నాయి? గోతిలోనా?"

"అయితే రేపు అంటానని చెప్పు."

"ఈలు రేపుంతారా?"

ఉండరు. మర్నాడు పొద్దున్నే వాళ్ళ విమానం. పున్నమీ ఆ రోజే. మాట అనకపోతే మెంబరు కాదు, మెంబరు కాకపోతే బండి రాదు, బండి రాకపోతే పోతయ్య చేపల్లో మందు కలుపుతాడు. మాట అంటేనేమో సముద్రం మీద మొగుడు ఉన్నాడు. ఎటు చూసినా ఏదో ఒక ప్రాణమే. దానమ్మ పిల్లకుక్కల గది ముందు నిలబడి వాటి వంక చాలాసేపు చూసింది.

మీటింగు హాల్లో పెట్టారు. వచ్చినవాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళూ ఒక మగాయనా. మెత్తగా మాట్లాడే మనుషులు, ఎవరి నీళ్ళ సీసా వాళ్ళే తెచ్చుకున్నారు. వాళ్ళు ఇంగ్లీషులో అన్నది మా డాక్టరమ్మ సస్మిత ఒడియాలో చెబుతోంది. దానమ్మకి ఒడియా నాకన్నా బాగా వచ్చు. నేను టీ కప్పులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. కప్పులు ఖాళీ అయిపోయి ఎంతసేపయినా అక్కడే ఉన్నాను.

వాళ్ళలో పెద్దామె దానమ్మ వైపు తిరిగి అడిగింది. "మీది చేపలు పట్టే కుటుంబం అట కదా. ఈ పనికీ ఆ పనికీ మధ్య మీకు ఇబ్బందిగా ఉండదా?"

సస్మిత ఒడియాలో చెప్పింది. వైకుంఠరావు గారు దానమ్మకి కళ్ళతో సైగ చేశాడు.

దానమ్మ లేచి నిలబడింది. తూర్పున, సముద్రం వైపు కిటికీ ఉంది, అటు తిరిగింది. పెదాలు కదిలాయి గానీ ఏమంటోందో వినబడలేదు. హాల్లో ఎవరో దగ్గారు. ఆమె రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, గట్టిగా, అచ్చం ఒడ్డున అరిచినట్టు అంది.

"నాను సేప మానీసినాను!"

తెలుగులోనే అంది. సస్మిత దాన్ని ఒడియాలోకీ ఇంగ్లీషులోకీ మార్చింది. చప్పట్లు మోగాయి. దానమ్మ ఆ దండం తమకే పెట్టిందనుకుని వచ్చినవాళ్ళు ముగ్గురూ తిరిగి దండం పెట్టారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆమె కూర్చోలేదు. వైకుంఠరావు గారి వైపు తిరిగింది. "రేపు పొద్దున్న బండి మా ఊరొస్తాది."

అది అడిగినట్టు లేదు, చెప్పినట్టు ఉంది. ఆయన చిరునవ్వుతో, "తప్పకుండా, తప్పకుండా," అన్నాడు. ఫోటోలు తీశారు. ఒక్క ఫోటోలోనూ దానమ్మ నవ్వలేదు.

సాయంత్రం వచ్చినవాళ్ళని గోపాలపూర్ తీసుకెళ్ళాను. సముద్రం చూస్తామన్నారు. చూశారు. తర్వాత ఆ మగాయన నన్ను అడిగాడు. "భయ్యా, ఇక్కడ చేపల వేపుడు ఎక్కడ బాగుంటుంది?"

నా కాలు దానంతట అదే బ్రేకు మీద పడింది. వెనక సీటు వాళ్ళు ముందుకి తూలారు.

నా హిందీ అంతంత మాత్రం. ఆ పూట మాత్రం ధారాళంగా వచ్చింది. "మీరు చేపలు తింటారా? మరి దానమ్మ మానేశానంటే చప్పట్లు ఎందుకు కొట్టారు?"

వాళ్ళు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దామె మెల్లిగా అంది. "ఆమె తన ఇష్టంతో మానేసిందనుకున్నాం. అందుకని కొట్టాం. మేం ఎవరినీ మానమనలేదే! అసలు ఆమె చేపలమ్మే మనిషని విన్నాకే కదా మాకు అంత సంతోషమైంది."

నాకు ఎవరిని తిట్టాలో తెలియలేదు. వీళ్ళు అడగలేదు. వైకుంఠరావు గారు వీళ్ళు అడుగుతారనుకున్నాడు. ఎవరూ అడగని మాట కోసం ఒక మనిషి మొగుణ్ణి సముద్రంలో పెట్టుకుని పందెం కాసింది. కోపంతోనే వాళ్ళని హోటలుకి తీసుకెళ్ళాను. చందువ చేప వేయించి తెచ్చారు. నన్నూ తినమన్నారు. తిన్నాను. కోపం దారి కోపానిదే, ఆకలి దారి ఆకలిదే.

మర్నాడు పొద్దున్నే సస్మితనీ, సూదుల పెట్టెనీ వేసుకుని ఆర్యపల్లి వెళ్ళాను. ఊరు ఊరంతా ఒడ్డునే ఉంది. దానమ్మ చేప తలకాయలు గంపలో పోసుకుని, "రా, రా, రా" అని అరుస్తుంటే ఎక్కడెక్కడి కుక్కలూ వచ్చాయి. ఆడవాళ్ళు తలో కుక్కనీ ఒడిసి పట్టుకున్నారు. సస్మిత సూది వేస్తుంటే నేను మెడ మీద గుర్తుగా నీలం రంగు పూశాను. కరిచిన గాట్లున్న రెండు కుక్కల్ని విడిగా బోనులో పెట్టాం, ఆశ్రమానికి తీసుకెళ్ళి కనిపెట్టి చూడాలని.

పోతయ్య చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ఎంతకీ కదలలేదు. చివరికి తనే ఒక బలిసిన నల్లకుక్కని తాడు కట్టి ఈడ్చుకొచ్చాడు. "దీనికీ పొడవండి. మా మనవడు దీన్నొగ్గి ఉండడు," అన్నాడు.

దానమ్మ చేతులు కుక్కల మీద ఉన్నాయి, కళ్ళు మాత్రం సముద్రం మీదే. బోట్లు ఒకటొకటే వస్తున్నాయి. ప్రతి బోటు వాళ్ళనీ, "మాది?" అని అడుగుతోంది. "ఎనక ఉన్నాది," అంటున్నారు. తర్వాత వచ్చినవాళ్ళు, "సూడనేదు," అన్నారు. ఆ తర్వాత బోట్లు రావడం ఆగిపోయింది.

సస్మిత నన్ను పక్కకి పిలిచింది. "నానీ ఎందుకు అలా ఉంది?" నానీ అంటే గంజాం ఒడియాలో అక్క. చెప్పేశాను అంతా. ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. చదువుకున్న పిల్ల, నవ్వి కొట్టిపారేస్తుందనుకున్నాను. "నేను ఆ మాట ఇంకో రెండు భాషల్లో అన్నాను కదా," అంది.

ఎండ ఎక్కింది. సూదులు అయిపోయాయి. ఎవరూ ఇళ్ళకి వెళ్ళలేదు. పోతయ్య కూడా వచ్చి దానమ్మ పక్కన నిలబడ్డాడు. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ళ వైపు చూడసాగాడు. నాకు దేవుళ్ళు గుర్తొచ్చేది తక్కువ, ఆ పూట అందరూ గుర్తొచ్చారు.

అప్పుడు ఎవరో, "అదిగో!" అన్నారు.

ఇంజను ఫ్యానుకి వల చుట్టుకుందట. తెడ్లతో తోసుకుంటూ వచ్చారు. బోటు ఇసక తాకగానే దానమ్మ కాసులు మీద పడింది. "ఇంతసేపు ఏటి సేస్తన్నావు? నీకు బుద్దుందా? ఇంజను సూసుకోనక్కర్నేదా?" అతను తెల్లమొహం వేసుకుని నిలబడ్డాడు. పాపం, అతనికేం తెలుసు!

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే భోజనం. కాసులు తెచ్చిన కోనాం చేపతో దానమ్మ పులుసు పెట్టింది. నాకూ, సస్మితకీ, కాసులుకీ వడ్డించి తనూ కూర్చుంది. ఆమె కంచంలో అన్నం, చింతపండు చారు, ఒక ఉల్లిపాయ.

కాసులు నవ్వుతూ తన కంచంలోంచి కొవ్వున్న పొట్ట ముక్క తీసి ఆమె కంచంలో వేశాడు. ఆమె తీసి మళ్ళీ అతని కంచంలో పెట్టింది.

"ఏటే? ఒంట్లో బాగోనేదా?"

"బాగానే ఉంది. తిను."

"నీకిట్టమైన ముక్క కదే. మరేటి?"

ఆమె అన్నంలో చారు కలుపుకుంది. నేను ఉండగలనా? మొత్తం కక్కేశాను. వైకుంఠరావు గారు అనమన్న మాట, ఆమె అన్న మాట, చప్పట్లు, గోపాలపూర్, అన్నీ.

దానమ్మ గోపాలపూర్ దగ్గర ఆపింది. "ఆలు ఏటి సేప తిన్నారు?"

"చందువ."

"తాజాదేనా? బాగుందన్నారా?"

"అది కాదమ్మా సంగతి!" అని అరిచాను. "నువ్వు మానాలని వాళ్ళెవరూ అనుకోలేదు. బండి వచ్చింది, బోటూ వచ్చింది. ఇంక ఆ మాటతో పనేముంది? తిను!"

"ఆలకి సెప్పిన మాటైతే తినీదును అన్నయ్యా. నాను ఆలకి సెప్పనేదు." చెయ్యి కంచంలోనే పెట్టి మెల్లిగా చెప్పింది. "సేప వద్దని అనకూడదు, అది నేమం. మొక్కుకుని ఇచ్చీయొచ్చు. మా అమ్మ తమలపాకులు ఇచ్చీసింది, మా అప్ప పువ్వులు ఇచ్చీసింది. మనకి బాగా ఇట్టమైంది తల్లికిచ్చీసి, మన మనిసిని అడుక్కోవాల. మీ అందరి ముందు నిలబడి నాను అదే అడుక్కున్నాను. ఇచ్చీసినది మల్లీ ఎలాగ తింతాను?"

కాసులు ముద్ద కలపడం ఆపేశాడు. ఆమె వంక వింతగా చూశాడు.

"కుక్కల కోసం సేప మానీసినావేటే?"

"కుక్కల కోసం ఆ మాట అన్నాను," అంది దానమ్మ. "నీ కోసం మానీసినాను."

కాసులు ఆ పొట్ట ముక్కని కంచం పక్కకి జరిపాడు.

"నాకూ ఆ సింతపండు సారే పొయ్యి," అన్నాడు.